తూకానికి అందని మసి

ఇంట్లో కాటుక పట్టడం చూసినవాళ్లకు ఈ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. ఆముదం దీపం మీద రాగి పళ్లెం బోర్లిస్తే తెల్లారేసరికి దాని అడుగున మెత్తటి మసి పేరుకుంటుంది. వేలికి నల్లగా అంటుతుంది కానీ బరువే తెలియదు. ఆ మసిలోని ఒక్కో రేణువు సుమారు 20 నుంచి 50 నానోమీటర్లు ఉంటుంది, అంటే తలవెంట్రుక మందంలో వెయ్యో వంతుకన్నా తక్కువే. డీజిల్ పొగలో ఉండేదీ ఈ కర్బనమే. కాకపోతే దానికి కాలీకాలని నూనె పదార్థాలు, లోహపు రజను అంటుకుని ఉంటాయి.

ఈ కణాలు మెదడు దాకా వెళ్తాయన్న అనుమానం చాలాకాలం ఎవరికీ రాలేదు. 1952 డిసెంబర్‌లో లండన్‌ను అయిదు రోజులు కమ్మేసిన పొగమంచుకు 4 వేలమంది పోయారని మొదట లెక్కగట్టారు. ఆ సంఖ్య 12 వేల దాకా ఉండవచ్చని తర్వాతి పరిశోధకులు అన్నారు. అప్పుడు అందరి దృష్టీ ఊపిరితిత్తుల మీద, గుండె మీద ఉంది. 1993లో అమెరికాలోని ఆరు నగరాల అధ్యయనం సన్నని ధూళికీ మరణాలకూ ఉన్న సంబంధాన్ని చూపింది. 1997లో ఆ దేశం పీఎం 2.5కు, అంటే 2.5 మైక్రాన్లు, అంతకన్నా సన్నగా ఉండే ధూళికి పరిమితి పెట్టింది. ఘనపు మీటరు గాలిలో ఎన్ని మైక్రోగ్రాముల ధూళి ఉందన్నదే కొలత. అంటే గాలిని తూకం వేయడం.

చిక్కంతా ఆ తూకంలోనే ఉంది. మైక్రాన్ అంటే 1000 నానోమీటర్లు. 2.5 మైక్రాన్ల కణం ఒక్కటి తూగే బరువుకు 25 నానోమీటర్ల కణాలు 10 లక్షలు కావాలి. ఆ 10 లక్షల కణాల ఉపరితలం అంతా కలిపితే పెద్ద కణానికి 100 రెట్లు. శరీరంలోని కణజాలానికి తగిలేది ఆ ఉపరితలమే. అయినా త్రాసు మీద రెండూ ఒకటే.

మెదడుకు ముక్కు ఎంత దగ్గరి దారో పోలియో రోజుల్లోనే కొంత తెలిసింది. కోతులకు ముక్కు ద్వారా ఎక్కించిన వైరస్ వాసన నాడి వెంట మెదడుకు చేరింది. ఆ దారి మూసేద్దామని 1937లో టొరంటోలో వేలమంది పిల్లల ముక్కుల్లో జింక్ సల్ఫేట్ కొట్టారు. పోలియో ఆగలేదు, కొందరు పిల్లలకు వాసన శక్తి పోయింది. మనుషుల్లో ఆ వైరస్ ప్రధానంగా నోటి ద్వారా వస్తుందని తర్వాత తేలింది. ముక్కు దారి మాత్రం నిజమే. 1970లో డి లొరెంజో అనే శాస్త్రవేత్త 50 నానోమీటర్ల బంగారు కణాలను కోతుల ముక్కులో వేసి, అవి వాసన నాడి లోపలినుంచే మెదడు ముందుభాగంలోని ఘ్రాణ కందానికి చేరడం చూపించాడు. ఆ ఫలితాన్ని గాలి కాలుష్యంతో ముడిపెట్టి చూడటానికి మరో మూడు దశాబ్దాలు పట్టింది.

ముడిపెట్టేలా చేసింది కుక్కలు. మెక్సికో సిటీలో ముసలి కుక్కలు అయోమయంగా తిరిగేవి, కొన్ని పెంచినవాళ్లనే గుర్తుపట్టలేకపోయేవి. డాక్టర్ లిలియన్ కాల్డెరోన్ గార్సిడ్యూనాస్ బృందం వాటి మెదళ్లను పరీక్షించి, శుభ్రమైన గాలి ఉన్న త్లస్కాలా ప్రాంతపు కుక్కలతో పోల్చింది. 2002లో వెలువడిన ఫలితాల్లో మెక్సికో సిటీ కుక్కల మెదడులో వాపు, అల్జీమర్స్ రోగుల్లో కనిపించే అమిలాయిడ్ పదార్థం కనిపించాయి. తర్వాత అదే నగరంలో ప్రమాదాల్లో చనిపోయిన పిల్లల, యువకుల మెదళ్లలోనూ అలాంటి జాడలే దొరికాయి. ఈ మొత్తం చరిత్రలో నన్ను ఎక్కువగా కలచివేసేది ఇదే.

మరి కర్బనమే అక్కడికి వెళ్లిందని తేల్చడం ఎలా? మెదడు కూడా కర్బనంతోనే కట్టిన వస్తువు, అందులో బయటి కర్బనాన్ని వేరుచేసి చూడలేం. అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో గుంటర్ ఓబర్‌డోర్‌స్టర్ దీనికి చక్కని ఉపాయం కనిపెట్టాడు. ప్రకృతిలో అరుదుగా ఉండే, కాస్త బరువైన కార్బన్-13తో సుమారు 36 నానోమీటర్ల కణాలు తయారుచేసి, ఎలుకలను ఆ గాలిలో 6 గంటలు ఉంచాడు. 2004లో వెలువడిన లెక్కలివి: గ్రాము ఊపిరితిత్తిలో మొదటి రోజు 1.39 మైక్రోగ్రాములున్న కార్బన్-13 వారానికి 0.59కి తగ్గింది. ఘ్రాణ కందంలో మాత్రం 0.35 నుంచి 0.43కి పెరిగింది. ఊపిరితిత్తులు మసిని వదిలించుకుంటుంటే మెదడులో అది పోగవుతోంది. అయితే ఎలుక ముక్కుతోనే గాలి పీలుస్తుంది, దాని ముక్కులో వాసన పట్టే పొర వాటా మనకంటే చాలా ఎక్కువ. కాబట్టి మనలోనూ అదే మోతాదులో చేరుతుందని చెప్పకూడదు.

మెదడులోకి చేరిన మసి కణాన్ని మొదట పట్టుకునేది మైక్రోగ్లియా. 1919లో స్పెయిన్ శాస్త్రవేత్త పియో డెల్ రియో హోర్టెగా గుర్తించిన ఈ జీవకణాలు మెదడుకు కాపలాదార్లు. చెత్తనూ సూక్ష్మజీవులనూ మింగి అరిగించుకుంటాయి. కర్బనం మాత్రం అరగదు. దాంతో వాటికి టెన్షన్ తగ్గదు, చురుకైన ఆక్సిజన్ అణువులనూ వాపు పుట్టించే రసాయనాలనూ వదులుతూనే ఉంటాయి. పక్కనున్న నాడీకణాలు దానికి దెబ్బతింటాయి. మసి కణం మెదడు దాకా రాకపోయినా, ఊపిరితిత్తుల్లో పుట్టిన వాపు రసాయనాలు రక్తంలో కలిసి ఇదే పని చేయగలవు.

2016లో బ్రిటన్‌లోని లాంకాస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన బార్బరా మాహెర్ బృందం మెక్సికో సిటీ, మాంచెస్టర్‌లకు చెందిన 37 మంది మెదళ్లలో గుండ్రని ఇనుప ఆక్సైడ్ నానోకణాలను చూసింది. విపరీతమైన వేడిలో ఇంధనం మండినప్పుడు పుట్టేవాటి ఆకారం అది. 2017లో కెనడాలోని ఒంటారియోలో 66 లక్షలమంది వివరాలు చూస్తే, పెద్ద రోడ్డుకు 50 మీటర్లలోపు ఉండేవారికి డిమెన్షియా (మతిమరుపు జబ్బు) 7 శాతం ఎక్కువగా వచ్చింది. ఇది సంబంధమే, రుజువు కాదు. అయినా 2020లో వైద్య పత్రిక లాన్సెట్ వేసిన కమిషన్ డిమెన్షియా ముప్పు పెంచే అంశాల జాబితాలో గాలి కాలుష్యాన్ని చేర్చింది.

మన దేశంలో 2009 నాటి గాలి ప్రమాణాల్లో 12 కాలుష్యకాలున్నాయి. పీఎం 2.5 ఏడాది సగటు 40 మైక్రోగ్రాములు దాటకూడదు. నానోకణాలకు, మసి కర్బనానికి అందులో చోటు లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2021లో నానోకణాలను లెక్కపెట్టమని సలహా ఇచ్చిందే గానీ పరిమితి పెట్టలేదు. ఘనపు సెంటీమీటరుకు రోజు సగటు 10 వేల కణాలు దాటితే ఎక్కువ అని మాత్రం చెప్పింది.

లెక్కపెట్టడం మనకు చేతకాని పనేమీ కాదు. 2020 ఏప్రిల్ నుంచి అమలైన బీఎస్-6 వాహన కాలుష్య నిబంధనల ప్రకారం కొత్త డీజిల్ కారు కిలోమీటరుకు 60 వేల కోట్ల కణాలకు మించి వదలకూడదు. కారు పొగగొట్టం దగ్గర కణాలు లెక్కపెట్టే చట్టం ఉంది. అదే రోడ్డు మీద ఎనిమిది గంటలు నిలబడే ట్రాఫిక్ కానిస్టేబుల్ పీల్చే గాలిని మాత్రం ఇప్పటికీ తూకమే వేస్తున్నాం.