అపోహలు - వాస్తవాలు: జంతువులకు నిచ్చెన లేదు

"మేడమ్, కోతి నుంచి మనిషి వస్తే ఇంకా కోతులు ఎందుకున్నాయి?"

పాతికేళ్లుగా జువాలజీ చెబుతున్నాను. ఈ ప్రశ్న వినకుండా గడిచిన ఏడాది లేదు. ఈసారి అడిగింది మాత్రం విద్యార్థి కాదు, ఎమ్మెస్సీ పూర్తిచేసి పాఠాలు చెప్పడానికి కొత్తగా చేరిన అబ్బాయి. క్లాసులో ఎవరో అడిగితే ఏం చెప్పాలో తోచలేదట. నవ్వేసి తప్పించుకోకుండా నా దగ్గరికి వచ్చాడు. ముచ్చటేసింది. అతనికి చెప్పినదే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

అపోహ: అట్టడుగున స్పంజిక, పైమెట్టు మీద మనిషి

ముందు కోతి సంగతి తేల్చేద్దాం. మీ పెద్దమ్మ కూతురికి మీరు పుట్టలేదు కదా! మీ ఇద్దరికీ అమ్మమ్మ ఒకరే, అంతే. చింపాంజీకీ మనకూ ఉన్నది అలాంటి చుట్టరికం. సుమారు 60-70 లక్షల ఏళ్ల క్రితం దారులు వేరయ్యాయి. తోక ఉన్న కోతులతో అయితే అంతకంటే చాలా ముందే, రెండున్నర కోట్ల ఏళ్ల నాడో ఇంకా ముందో విడిపోయాం. మీరు పుట్టారు కాబట్టి మీ అక్క ఉండకూడదని ఎవరైనా అంటారా?

కానీ అసలు చిక్కు కోతితో కాదు, మేం పాఠం చెప్పే వరసతో. పొరిఫెరా (స్పాంజీలు, అంటే స్పంజికలు)తో మొదలుపెడతాం, నిడేరియా (హైడ్రా, జెల్లీఫిష్), ప్లాటిహెల్మింథిస్ (బల్లపరుపు పురుగులు), అనెలిడా (వానపాములు) అంటూ వెళ్లి కార్డేటా (వెన్నెముక ఉన్న జీవులు, వాటి దగ్గరి చుట్టాలు)తో ముగిస్తాం. అది చెప్పుకోవడానికి వీలైన వరస. పిల్లల బుర్రలో అదే వంశావళి అయి కూర్చుంటుంది. స్పంజిక మారి హైడ్రా అయిందనీ, హైడ్రా మారి పురుగైందనీ, చివరికి మనం దిగామనీ అనుకుంటారు. ఈ రోజు సముద్రంలో ఉన్న స్పంజిక మన ముత్తాత కాదు. దాని వెనక ఎంత చరిత్ర ఉందో మన వెనకా సరిగ్గా అంతే ఉంది. డార్విన్ 1837లో తన నోటుబుక్కులో గీసుకున్న బొమ్మ చూడండి. అందులో ఉన్నది కొమ్మలు చీలిన చెట్టు, మెట్లు కాదు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఈ ఒక్క తప్పు తలకెక్కితే తర్వాత చదివే ప్రతి పాఠం వంకరగానే అర్థమవుతుంది. పరిణామం అంటే సాదా శరీరం నుంచి జటిలమైన శరీరానికి ఎక్కడం అనుకుంటారు. మరి పేగుల్లో బతికే బద్దెపురుగు మాటేమిటి? దాని పూర్వీకులకు పేగు ఉండేది, దానికి లేదు. ఒంటి చర్మంతోనే ఆహారం పీల్చుకుంటుంది. శాక్యులినా అని పీత ఒంట్లో బతికే జీవి ఉంది. పెద్దదయ్యాక చూస్తే కాళ్లూ కళ్లూ ఏమీ ఉండవు, పీత లోపల పాకిన వేళ్లలా కనిపిస్తుంది. డింభకాన్ని, అంటే దాని పిల్లదశను (లార్వాను) చూస్తే మాత్రం ఇట్టే దొరికిపోతుంది. అది రొయ్యల, పీతల బంధువు, క్రస్టేషియన్. దీన్ని ఏ మెట్టు మీద కూర్చోబెడతారు?

నాకు ఈ నిచ్చెన విరిగింది ఎమ్మెస్సీలో, సముద్రం పక్కన ఉన్న ఒక ల్యాబులో. అక్కడ అసీడియా ఉండేది. రాయికి అంటుకున్న చిన్న తోలుసంచి. పైన రెండు రంధ్రాలు, ఒకదాని నుంచి నీళ్లు లోపలికి, రెండోదాని నుంచి బయటికి. నొక్కితే చివ్వున నీళ్లు చిమ్ముతుంది. తల లేదు, తోక లేదు. 'ఇది మన కార్డేటానే' అని మా సార్ అంటే పుస్తకంలో ఉంది కాబట్టి తలూపాం, నమ్మలేదు. మర్నాడు దాని డింభకాన్ని మైక్రోస్కోపు కింద పెట్టారు. కప్ప టాడ్‌పోల్‌లాగే ఉంది. తోకలో పృష్ఠవంశం (వీపు పొడవునా ఒంటికి ఆసరాగా ఉండే మెత్తటి దండం, నోటోకార్డ్), నాణేలు ఒకదాని వెనక ఒకటి పేర్చినట్టు ఒకే వరస కణాలు. దాని మీదుగా నాడీదండం. మన పిండంలో ఉండే అమరికే! కాసేపు ఈదింది, ముందు భాగంతో గాజుకు అతుక్కుంది, ఆ తర్వాత తోక ముడుచుకుపోవడం మొదలైంది. కన్ను తీస్తే తప్పిపోతుందేమోనని భోజనానికి కూడా వెళ్లలేదు. అంత ఒద్దికైన శరీరాన్ని అది తనంతట తాను కరిగించేసుకుంది.

ఈ పోలికను మొదట పట్టుకున్నది రష్యన్ శాస్త్రవేత్త కొవలెవ్‌స్కీ, 1866లో. ఇంకో విచిత్రం ఏమిటంటే, అచ్చం చిన్న చేపలా కనిపించే ఆంఫియాక్సస్ కంటే ఈ తోలుసంచే సకశేరుకాలకు (వెన్నెముక ఉన్న జీవులకు) దగ్గర చుట్టమని 2006లో జన్యువుల పోలిక చూపించింది. చూపులకు ఎలా ఉందన్నదాన్ని బట్టి చుట్టరికం కడితే ఇలాగే బోల్తా పడతాం.

సముద్ర నక్షత్రం కూడా అంతే. తల లేదు, మెదడు లేదు, ఒళ్లంతా అయిదు భాగాలు. జెల్లీఫిష్ పక్కన పెట్టేయాలనిపిస్తుంది. డింభకంగా ఉన్నప్పుడు దానికి కుడి, ఎడమ స్పష్టంగా ఉంటాయి, అంటే ద్విపార్శ్వ సౌష్ఠవం. పిండంలో మొదట ఏర్పడే రంధ్రం మనలో లాగే దానిలోనూ నోరు కాదు, పాయువు వైపు వెళుతుంది. కాబట్టి అది మన కొమ్మ మీదిది. పెద్ద మెదడు, కెమెరాలాంటి కన్ను ఉన్న ఆక్టోపస్ నత్తల కొమ్మ మీదిది. తెలివిని బట్టి కొమ్మలు పంచరు.

మిగతా అపోహలు గబగబా

*కీటకాలు జంతువులు కావు.* ఇది విన్నప్పుడల్లా నాకు ఓపిక పోతుంది. పేరుపెట్టిన జంతుజాతులు సుమారు 15 లక్షలైతే అందులో పది లక్షల దాకా కీటకాలే. వెన్నెముక ఉన్నవన్నీ కలిపినా అయిదు శాతం లోపే. జంతువు అనగానే పులి గుర్తొస్తే అది మన అలవాటు.

*కదలకపోతే మొక్కే.* పగడం కదలదు, జంతువే. స్పంజిక కదలదు, దాని డింభకం ఈదుతుంది. స్పంజిక తన ఒంట్లోంచి నీటిని ప్రవాహంలా నడిపిస్తుందని రాబర్ట్ గ్రాంట్ 1825 నాటికే చూపించాడు. చూడాల్సింది కదలిక కాదు. అనేక కణాలుండాలి, కణాలకు గోడలుండకూడదు, ఆహారం సొంతంగా తయారుచేసుకోకూడదు, కణాల మధ్య కొల్లాజెన్ అనే ప్రొటీన్ ఉండాలి. స్పంజికను సన్నటి పట్టుగుడ్డ గుండా పిండి కణాలను విడగొడితే అవి మళ్లీ ఒకదాన్నొకటి వెతుక్కుని స్పంజికగా కూడుకున్నాయని విల్సన్ అనే శాస్త్రవేత్త 1907లో రాశాడు. నాకు ఎప్పటికీ పాతబడని ప్రయోగం ఇది.

*కేంబ్రియన్‌లో జంతువులన్నీ ఒక్కసారిగా ఊడిపడ్డాయి.* 'విస్ఫోటనం' అని పేరు పెట్టినవాళ్లను అనాలి. ఆ యుగం మొదలైంది సుమారు 53.9 కోట్ల ఏళ్ల క్రితం. ఆ హడావిడి సాగింది ఒక్క రోజు కాదు, సుమారు రెండు కోట్ల ఏళ్లు. దానికి ముందే డికిన్‌సోనియా అనే చదునైన మెత్తటి జీవి ఉంది, సుమారు 55.8 కోట్ల ఏళ్ల నాటిది. 2018లో దాని శిలాజంలో కొలెస్టరాల్ ఆనవాళ్లు దొరకడంతో అది జంతువేనన్న వాదన బలపడింది.

*పిండం కడుపులో చేప, కప్ప దశలు దాటి మనిషవుతుంది.* దీన్ని నవ్వుతూ వదిలేసేదాన్ని, ఒక రాత్రి ఫోన్ రాకపోతే. నా స్నేహితురాలి కూతురు, మూడో నెల. ఎవరో పంపిన వీడియోలో, చేప దశ సరిగా దాటకపోతే బిడ్డ మొప్పలతో పుడుతుందని చెప్పారట. ఏడుపు గొంతుతో "పిన్నీ, నిజమేనా?" అంది. భయపెట్టినవాళ్ల మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను.

నిదానంగా చెప్పాను. హెకెల్ అనే ఆయన 19వ శతాబ్దంలో అలా అన్నాడు, ఆ మాట ఏనాడో చెల్లకుండా పోయింది. పిండం మెడ దగ్గర వంపులు కనిపిస్తాయి, అవి మొప్పలు కావు. చేపలో అక్కడ మొప్పలు తయారవుతాయి, మనలో దవడ, చెవి లోపలి బుల్లి ఎముకలు తయారవుతాయి. చిన్న తోక కూడా వస్తుంది, ఎనిమిదో వారానికల్లా లోపలికి కలిసిపోతుంది. నీకు మూడో నెల కదా, అదీ అయిపోయింది.

కాసేపు మౌనం. "అయితే కడుపులో ఉన్నది చేప కాదన్నమాట" అని నవ్వింది.

"మొదటి రోజు నుంచీ మనిషే. టెన్షన్ పడకుండా పడుకో" అన్నాను. వంశవృక్షం లెక్కన నువ్వూ నేనూ కూడా చేపల కొమ్మ మీదివాళ్లమేనమ్మా అని చెప్పబోయి నాలుక కరుచుకున్నాను. అప్పటికే రాత్రి పదకొండు దాటింది.