రగ్బీ కొత్త రూల్స్, మన గరుసు నేల: అపోహలు - వాస్తవాలు

అనంతపురంలో పిల్లలకు రగ్బీ నేర్పుతాను, చుట్టుపక్కల టోర్నమెంట్లలో విజిల్ కూడా ఊదుతాను. ఇక్కడ మేం ఆడేది దాదాపు అంతా సెవెన్సే: జట్టుకు ఏడుగురు, సగానికి 7 నిమిషాలు. ఎక్కడో రూల్ మారిందని ఫోన్లో ఒక వీడియో వస్తే చాలు, గ్రౌండులో పంచాయితీ మొదలు. అందులో తరచూ వినబడే మాటలివి.

అపోహ: ట్యాకిల్ ఎత్తు తగ్గించారు కాబట్టి కబడ్డీ పిల్లలకు ఇక తిరుగులేదు.

సగమే నిజం. ట్యాకిల్ అంటే బంతితో వచ్చేవాణ్ని పట్టి కింద పడేయడం. ముందు రూల్ సంగతి చూద్దాం. మామూలు నియమం ప్రకారం భుజాల గీతకు పైన పట్టకూడదు. ఫ్రాన్స్ 2019లో అమెచ్యూర్ ఆటకు దాన్ని నడుము దాకా దించింది. ఇంగ్లండ్ రగ్బీ సంఘం 2023 జనవరిలో నడుమే అని ప్రకటించింది. క్లబ్బులు గోల చేస్తే క్షమాపణ చెప్పి, చివరికి రొమ్ము ఎముక కింది అంచు దగ్గర ఆగింది. అదే ఏడాది ప్రపంచ రగ్బీని నడిపే సంస్థ వరల్డ్ రగ్బీ కూడా కమ్యూనిటీ స్థాయికి, అంటే మనలాంటి అమెచ్యూర్ ఆటకు, రొమ్ము ఎముక కిందే పట్టాలంటూ ఒక ట్రయల్ తెచ్చింది. చేరడం, చేరకపోవడం ఆయా దేశాల ఇష్టం. సీనియర్ అంతర్జాతీయ మ్యాచుల్లో మాత్రం ఇంకా భుజాల గీతే లెక్క.

ఇక మన పిల్లలు. నా దగ్గరికొచ్చేవాళ్లలో ఎక్కువమంది కబడ్డీ నుంచే వస్తారు. కార్నర్‌లో, అంటే వరుస చివర, ఆడినవాడికి కాలు పట్టడం, తొడ పట్టడం చెప్పాల్సిన పనే లేదు. ఏళ్ల తరబడి ఛాతీ మీద పట్టి అలవాటైన ఇంగ్లండ్ ఆటగాడు కిందికి వంగడానికి పడే అవస్థ వీడికి ఉండదు. కవర్‌లో, అంటే కార్నర్‌కు లోపలి పక్కన, ఆడినవాడి కథ వేరు. వాడికి తెలిసిందల్లా ఒంటితో గుద్ది తోసేయడం (డ్యాష్), అడ్డుపడి ఆపడం (బ్లాక్). చేతులు చుట్టకుండా భుజంతో గుద్దితే రగ్బీలో పెనాల్టీ, గట్టిగా తగిలితే కార్డు. కొత్త ఎత్తు వచ్చినా రాకపోయినా వీడికి మొదటి నుంచీ నేర్పాల్సిందే.

కార్నర్ వాడితోనూ ఒక భయముంది. కబడ్డీలో రైడర్ వెనక్కి లాక్కునే కాలును పట్టడం వాడి అలవాటు. ఇక్కడ ఎదుటివాడు నిండు పరుగులో మీదికొస్తాడు. వాడి మోకాలికి ఎదురుగా తల పెట్టి దూకితే దెబ్బ పట్టేవాడికే. రగ్బీలో తలకు తగిలే దెబ్బల్లో ఎక్కువ భాగం ట్యాకిల్‌లోనివే, వాటిలోనూ ఎక్కువ పట్టేవాడికే. కాబట్టి ఎత్తు తగ్గించినంత మాత్రాన పని అయిపోలేదు. తల వాడి ముందు కాదు, పక్కకు, వెనక వైపు ఉండాలి. కళ్లు పైకి చూడాలి. చేతులు చుట్టుకోవాలి. మొదటి వారాల్లో మోకాళ్ల మీద కూర్చోబెట్టి, నడిచొచ్చేవాణ్నే పట్టిస్తాను. "సార్, ఇది చిన్నపిల్లోల్ల ఆట" అంటారు. అననీ.

బంతి పట్టుకున్నవాడూ ఆఖరి క్షణంలో తల దించి దూరకూడదు. అలా దూరితే ఎంత కిందికి వంగి పట్టబోయినా తలా తలా కొట్టుకుంటాయి. ఇంగ్లండ్ మార్పులో ఈ మాట కూడా ఉంది, మనకొచ్చే వీడియోల్లోనే ఉండదు.

అపోహ: తలకు తగిలినా డాక్టర్ చూసి సరే అంటే మళ్లీ దిగొచ్చు.

వాస్తవం: అది డాక్టర్లు, వీడియో రీప్లేలు ఉన్న పెద్ద మ్యాచులకు. మన స్థాయిలో కన్కషన్ (దెబ్బకు మెదడు అదరడం) అనుమానం వస్తే చాలు, బయటికే, ఆ రోజుకు మళ్లీ దిగకూడదు. వరల్డ్ రగ్బీ మార్గదర్శకాల ప్రకారం కమ్యూనిటీ ఆటగాడు మళ్లీ మ్యాచ్ ఆడటానికి కనీసం 21 రోజులు ఆగాలి. మన టోర్నమెంటేమో శని, ఆదివారాల్లో అయిపోతుంది. తొమ్మిదిమందితో బస్సెక్కి వచ్చిన జట్టుకు అన్నిటికంటే బరువైన రూల్ ఇదే. పరుగున్న పిల్లోణ్ని ఫైనల్‌కు కూర్చోబెడితే వాళ్ల నాయనొచ్చి "ఏమప్పా, బాగనే ఉండాడు కదా" అంటాడు. స్పృహ తప్పకపోయినా కన్కషన్ కావచ్చని ఆయనకు అక్కడే నిలబడి చెప్పాలి. వాంతులు, మత్తు, పెరిగే తలనొప్పి ఉంటే నేరుగా ఆసుపత్రికే.

అపోహ: రెడ్ కార్డంటే ఇప్పుడు 20 నిమిషాలే.

పెద్ద స్థాయి పదిహేనుమంది ఆటలో, రెడ్ కార్డుతో బయటికెళ్లినవాడి బదులు 20 నిమిషాలయ్యాక వేరొకరిని దింపేలా కొన్ని పోటీల్లో ట్రయల్ చేశారు. మన మ్యాచే 14 నిమిషాలు సామీ!

అపోహ: ఇక నాలుగు క్వార్టర్ల ఆటే.

2025 జూన్‌లో ముంబైలో జరిగిన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో 4 నిమిషాల క్వార్టర్లు పెట్టారు. హైదరాబాద్ హీరోస్ ఉంది కాబట్టి మనవాళ్లూ ఆసక్తిగా చూశారు. అది ఆ లీగ్ ఏర్పాటు, సెవెన్స్ నియమం మారలేదు. అయినా ఏప్రిల్ ఎండలో స్నేహపూర్వక మ్యాచులకు క్వార్టర్లే మేలంటాను, నీళ్లు తాగే వీలుంటుంది. పై పోటీలకు వెళ్లే జట్టు మాత్రం 7 నిమిషాల సగానికే ఒంటిని అలవాటు చేసుకోవాలి.

అపోహ: స్క్రమ్ రూల్స్‌తో చిన్న క్లబ్బుకు పనిలేదు.

స్క్రమ్ అంటే రెండు జట్ల ఆటగాళ్లు ఒకరినొకరు పట్టుకుని, తలలు వంచి, బంతి కోసం ఎదురెదురుగా తోసుకోవడం. సెవెన్స్‌లో జట్టుకు ముగ్గురి స్క్రమ్‌తో గడిచిపోతుంది. పదిహేనుమంది జట్టు కట్టాలనుకుంటేనే లెక్క ఎదురొస్తుంది. సబ్‌స్టిట్యూట్లతో కలిపి 23 మందితో వస్తే ఫ్రంట్ రో (స్క్రమ్ ముందు వరుస) నేర్చినవాళ్లు ఆరుగురు కావాలి, 16 నుంచి 18 మందైతే నలుగురు. ఆడగలిగినవాళ్లు లేకపోతే తోపుడు లేని స్క్రమ్‌తోనే ఆట.

అపోహ: పచ్చిక లేకుండా రగ్బీ ఆడకూడదు.

నియమాల్లో గడ్డి, ఇసుక, మట్టి, మంచు, కృత్రిమ గడ్డి, అన్నీ ఉన్నాయి. కాంక్రీటు, తారు పనికిరావు. (మంచు గొడవ మనకెటూ లేదు.) మా ఎర్ర గరుసు నేలకు రూల్ అడ్డు చెప్పదు, మోకాళ్లే చెబుతాయి. ట్యాకిల్ కిందికి దిగేకొద్దీ పట్టేవాడు మరింత బలంగా నేలకు తగులుతాడు. అందుకే ఒక మూల దున్నించి, రాళ్లు, పల్లేరుకాయలు ఏరించి, ముందురోజు సాయంత్రం ట్యాంకర్ నీళ్లు పట్టిస్తాను. ట్యాకిల్ నేర్పేది అక్కడే. డబ్బు తక్కువైతే కొత్త జెర్సీలు మానుకుంటాం, ట్యాంకర్‌ను కాదు.

అపోహ: రూల్ మారిందంటే అన్నిచోట్లా మారినట్టే.

టోర్నమెంట్ ఏ నియమాలతో జరుగుతుందో నిర్వాహకుల దగ్గర ముందే కాగితం మీద తీసుకోండి. ఒక రెఫరీ భుజాల లెక్కన, ఇంకో రెఫరీ రొమ్ము ఎముక లెక్కన ఊదితే పిల్లలు రెండు మ్యాచులకు రెండు ఆటలు ఆడాల్సి వస్తుంది. టాస్‌కు ముందు రెఫరీని ఇద్దరు కెప్టెన్ల ఎదుట ఆ ఎత్తు చేత్తో చూపించమనండి.