కవాతు పాట కట్టిన మనిషి

విశాఖపట్నం

పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఆర్కే బీచ్‌లో నేవీ బ్యాండు వాయిస్తుంటే మీరిద్దరూ చేతిలో ముంత మసాలా కూడా మరిచిపోయారు. "ముందు కర్ర తిప్పుతున్నాయనేనా తాతయ్యా పాట కట్టింది?" అని చిన్నది అడిగింది. ఆ హోరులో నా మాట మీకు వినపడలేదు.

ఆ కర్ర ఆయన డ్రమ్ మేజర్. ఎప్పుడు కదలాలో, ఎక్కడ ఆగాలో కర్రతోనే చెబుతారు. వాయించడం నేర్పి, ఎవరికి ఏ వాయిద్యమో చూసేది బ్యాండ్ మాస్టర్. కవాతు పాట కట్టేవాళ్ళకు ముందు కాళ్ళ సంగతి తెలియాలి. నిమిషానికి సుమారు 120 అడుగులు, అంటే సెకనుకు రెండు. పెద్ద డ్రమ్ము దెబ్బ పడేసరికి ఎడమ కాలు నేలను తాకాలి. రాగం ఎంత బాగున్నా అడుగు తడబడితే ఆ పాట కవాతుకు పనికిరాదు. పైగా ఆరుబయట వాయించాలి. మన సముద్రపు గాలికి సగం శబ్దం ఎగిరిపోతుంది, అందుకే అన్నేసి ఇత్తడి బాకాలు.

ఇంటికొచ్చాక కూడా మీరు కూనిరాగం తీస్తున్న "కదమ్ కదమ్ బఢాయే జా" మాటలు వంశీధర్ శుక్లా గారివి. వరస కట్టింది కెప్టెన్ రామ్‌సింగ్ ఠాకురి గారు. ధర్మశాల దగ్గర ఖనియారాలో 1914 ఆగస్టు 15న పుట్టారు. బ్రిటిష్ ఇండియా సైన్యపు గూర్ఖా రైఫిల్స్ దళంలో చేరి, రెండో ప్రపంచ యుద్ధంలో మలయాలో, అంటే ఇప్పటి మలేషియా ప్రాంతంలో, జపాను సైన్యానికి బందీగా చిక్కారు.

1942 ఫిబ్రవరి 15న సింగపూర్ జపాను వశమైంది. ఏప్రిల్ 6న జపాను విమానాలు మన విశాఖ మీద బాంబులు వేశాయి. జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు పారిపోయారని మా నాన్న చెప్పేవారు. ఇక్కడ మా నాన్న భయపడిన రోజుల్లోనే అక్కడ ఆయన బందీగా ఉన్నారని నాకు చాలా ఏళ్ళకు గానీ తట్టలేదు.

తర్వాత ఆయన స్వాతంత్ర్యం కోసం పోరాడిన నేతాజీ సుభాష్ చంద్రబోస్ గారి సైన్యం, ఆజాద్ హింద్ ఫౌజులో చేరారు. నేతాజీ ఆయనకు వయొలిన్ బహూకరించారు. మన ఉత్తరాంధ్రలో వయొలిన్ అనగానే ద్వారం వెంకటస్వామి నాయుడు గారే గుర్తొస్తారు కదా, అదే వాయిద్యం ఒక సిపాయి చేతిలో ఉందని తెలిసి నా మనసు నిండిపోయింది. 1943లో నేతాజీ ఏర్పాటు చేసిన ప్రభుత్వానికి జాతీయగీతమైన "శుభ్ సుఖ్ చైన్"కు సంగీతం సమకూర్చింది కూడా ఆయనే. ఆ ఫౌజులో పంజాబీలున్నారు, గూర్ఖాలున్నారు, మలయా రబ్బరు తోటల్లో పనిచేసిన తమిళులున్నారు. హిందీ రాని నోటికి కూడా ఇట్టే పట్టుబడే వరస కావాలి. ఫౌజు కవాతు పాట "కదమ్ కదమ్" అంత తేలిగ్గా ఉండడానికి కారణం అదేనని నాకనిపిస్తుంది. తేలిగ్గా కట్టడం ఎంత కష్టమో మీరు సంగీతం క్లాసులో చేరాక చూస్తారు.

స్వాతంత్ర్యం వచ్చాక లక్నోలో ఉత్తరప్రదేశ్ సాయుధ పోలీసు దళమైన పి.ఏ.సి. బ్యాండు చూసుకున్నారు. 2002 ఏప్రిల్ 15న, 87 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. మన సైన్యం ఇప్పటికీ "కదమ్ కదమ్" పాటకు అడుగు వేస్తోంది.

బ్యాండు మళ్ళీ బీచ్ రోడ్డుకు వచ్చినప్పుడు కుర్సురా సబ్‌మెరైన్ పక్కన నిలబడదాం. కళ్ళు మూసుకుని పెద్ద డ్రమ్ము ఒక్కటే వినండి, మీ ఎడమ కాలు దానంతటదే లేస్తుందేమో చూద్దాం. చిన్నదాన్ని నేను ఎత్తుకుంటాను.

మీ తాతయ్య