చదువయ్యాక తిరిగి వెళ్తారా? ఒక వీసా ప్రశ్న వెనక కథ

పై చదువులకి విదేశం వెళ్లబోయేవాళ్ల ఫైలు ఒకటి తెరిచి చూడండి. పైన అడ్మిషన్ లెటర్ ఉంటుంది. దాంతోపాటు వచ్చిన బ్రోచర్‌లో, కోర్సు అయ్యాక అక్కడే ఎన్నేళ్లు ఉద్యోగం చేసుకోవచ్చో పెద్దక్షరాల్లో వేసుంటుంది. దాని కిందే వీసా కాగితాలు. బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆస్తుల లెక్కలు, సొంతూళ్లో ఎవరెవరున్నారో చెప్పే పత్రాలు. అవన్నీ కలిసి చెప్పేది ఒక్కటే: చదువుకుని వచ్చేస్తాను, అక్కడ ఉండిపోను. సీటు ఇచ్చేవాళ్లు ఉండొచ్చని ఊరిస్తారు, గేటు దగ్గరివాళ్లు ఉండనని చెప్పించుకుంటారు. మధ్యలో టెన్షన్ విద్యార్థికి. ఈ రెండు మాటలూ వేర్వేరు కాలాల్లో, వేర్వేరు అవసరాల కోసం పుట్టాయి.

చదువు కోసం దేశాలు దాటడం పాత సంగతే. ఏడో శతాబ్దంలో నలందాలో చదివిన చైనా యాత్రికుడు హ్యూయెన్ త్సాంగ్, అక్కడి ద్వారపాలకులు వేసే ప్రశ్నలకి జవాబు చెప్పలేక చాలామంది వెనుదిరిగేవారని రాశాడు. అంటే గేటు దగ్గర ఇంటర్వ్యూ అప్పుడూ ఉంది. కాకపోతే ప్రశ్నలు శాస్త్రం గురించి, ప్రయాణం గురించి కాదు.

పన్నెండో శతాబ్దంలో, ఇటలీలోని యూనివర్సిటీ నగరం బొలోన్యాలో విద్యార్థుల కష్టం ఇంకో రకం. పరాయి ఊరివాళ్లకి ఆ నగరంలో పౌరుల హక్కులుండేవి కావు. ఒకడు అప్పు ఎగ్గొట్టి పారిపోతే, వాడి ప్రాంతం నుంచి వచ్చిన ఇంకొకణ్ని పట్టుకుని వసూలు చేసేవారు. చక్రవర్తి ఫ్రెడరిక్ బార్బరోసా 1150ల్లో ఇచ్చిన 'అథెంటికా హబిటా' అనే శాసనం దీన్ని ఆపింది. చదువు కోసం ఇల్లు వదిలి వచ్చినవాళ్లని ఇతరుల బాకీలకి పట్టుకోకూడదని, వాళ్ల మీద ఫిర్యాదుంటే గురువు ముందో బిషప్ ముందో విచారించాలని చెప్పింది. తర్వాత బొలోన్యాలోని పరదేశ విద్యార్థులు సంఘాలు కట్టి, ఆలస్యంగా వచ్చే అధ్యాపకులకి జరిమానాలు కూడా వేశారు. విదేశీ విద్యార్థికి అంత బలం మళ్లీ ఎప్పుడూ రాలేదు.

'తిరిగి వెళ్తావా' అన్న ప్రశ్న పుట్టడానికి వలసల మీద కోటాలు రావాల్సి వచ్చింది. 1921లో అమెరికా ఒక్కో దేశానికి ఇంతమందే అని సంఖ్య కట్టింది. అందులోనూ నెలవారీ పరిమితి. దాంతో నెల మొదటి తారీఖు అర్ధరాత్రి దాటగానే లోపలికి వెళ్లాలని ఓడలు న్యూయార్క్ రేవు బయట కాచుకుని, పోటీపడి దూసుకొచ్చేవి. ఓడ ఆలస్యమై ఆ నెల కోటా నిండిపోతే లోపలికి దారి మూసుకుపోయేది. చదువుకోడానికి వచ్చినవాళ్లూ ఆ లెక్కలోనే చిక్కుకున్నారు. 1919లో పుట్టిన ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంటర్నేషనల్ ఎడ్యుకేషన్ అనే అమెరికా సంస్థ విద్యార్థుల్ని కోటా నుంచి తప్పించమని గట్టిగా పోరాడింది. 1924 చట్టంలో విద్యార్థుల్ని కోటా బయట పెట్టారు. ఆ వెసులుబాటుకి ఒక షరతు అంటించారు. విద్యార్థి చదువు మానేస్తే ఆ సంగతి విద్యాసంస్థ ప్రభుత్వానికి తెలియజేయాలి. 2001 దాడుల తర్వాత, 2003లో అమలైన, విదేశీ విద్యార్థుల వివరాలు నమోదు చేసే సెవిస్ అనే కంప్యూటర్ వ్యవస్థని కొత్త నిఘా అనుకుంటాం కానీ, దాని విత్తనం వందేళ్ల కిందటిది.

1952 చట్టం ఇంకో అడుగు వేసింది. ఎఫ్ వీసా కోరే విద్యార్థికి అమెరికా బయట, వదులుకునే ఉద్దేశం లేని నివాసం ఉండాలంది. ఉద్దేశం అన్న మాట దగ్గరే వస్తుంది చిక్కంతా. ఇరవై రెండేళ్ల మనిషికి ఐదేళ్ల తర్వాత తన ఉద్దేశం ఏమిటో తనకే తెలియదు. అధికారి దాన్ని రెండు మూడు నిమిషాల్లో తేల్చాలి.

ఆ రోజుల్లో తిరిగి వెళ్లమనడంలో అనుమానం ఒక్కటే లేదు, ఒక ఆశయం కూడా ఉంది. అమెరికా ఇచ్చే ఫుల్‌బ్రైట్ స్కాలర్‌షిప్‌లు 1946లో, ఆసియా దేశాలకి సాయం చేసే కామన్వెల్త్ పథకం కొలంబో ప్లాన్ 1950లో మొదలయ్యాయి. 1960లో మాస్కోలో పీపుల్స్ ఫ్రెండ్‌షిప్ యూనివర్సిటీ తెరిచారు, మరుసటి ఏడాది దానికి కాంగో నాయకుడు ప్యాట్రిస్ లుముంబా పేరు పెట్టారు. పాశ్చాత్య, సోవియట్ శిబిరాలు రెండిటిదీ ఒకే లెక్క: ఈ కుర్రాళ్లు వెనక్కి వెళ్లి మంత్రులో ఇంజనీర్లో అవుతారు, మనల్ని గుర్తుంచుకుంటారు. వాళ్లు ఇక్కడే ఉండిపోతే పెట్టిన ఖర్చు దండగ.

లెక్క మారింది బ్రిటన్‌లో. 1967లోనే అక్కడ విదేశీ విద్యార్థులకి ఎక్కువ ఫీజు పెట్టారు, గొడవ జరిగింది. 1979లో వచ్చిన థాచర్ ప్రభుత్వం అసలు సబ్సిడీనే తీసేసింది. 1980 నుంచి కొత్తగా చేరే విదేశీ విద్యార్థులు చదువుకయ్యే ఖర్చంతా కట్టాలంది. కామన్వెల్త్ దేశాలు మండిపడ్డాయి. 1981లో మలేషియా ప్రధాని మహాథిర్ బ్రిటిష్ సరుకు ఆఖర్న కొనండి అని పిలుపునివ్వడానికున్న కారణాల్లో ఈ ఫీజులు ఒకటి. ట్యూషన్ ఫీజు మీద వాణిజ్య యుద్ధం లాంటిది జరిగిందంటే ఇప్పుడు నమ్మబుద్ధి కాదు. 1983లో కొన్ని స్కాలర్‌షిప్‌లు పెంచి చల్లబరిచారు. ఫీజు మాత్రం తగ్గలేదు.

ఆస్ట్రేలియాలో ఈ మలుపు కాగితం మీద స్పష్టంగా కనిపిస్తుంది. 1984లో ఒకే ప్రభుత్వానికి రెండు కమిటీల నివేదికలు అందాయి. విదేశీ విద్యార్థికి చదువు చెప్పడం సాయం, అలాగే కొనసాగాలి అని గోల్డ్‌రింగ్ కమిటీ అంది. ఇది ఎగుమతి చేయదగ్గ సేవ, పూర్తి ధర తీసుకోండి అని జాక్సన్ కమిటీ అంది. 1985లో పూర్తి ఫీజుతో విదేశీయుల్ని చేర్చుకోడానికి యూనివర్సిటీలకి అనుమతి వచ్చింది. 1990 కల్లా పాత సబ్సిడీ దారి కొత్తవాళ్లకి మూసేశారు. జాక్సన్ మాటే నెగ్గింది. ఒక్క ఆస్ట్రేలియాలోనే కాదు. దశాబ్దాల పాటు ఉచితంగా చదువు చెప్పిన స్వీడన్ 2011లో, ఫిన్లాండ్ 2017లో, నార్వే 2023లో యూరప్ బయటివాళ్లకి ఫీజు పెట్టాయి.

ధర పెట్టాక కొనేవాడు ఏమొస్తుందని అడుగుతాడు. ఆ ప్రశ్నకి జవాబుగానే చదువు తర్వాత ఉద్యోగం చేసుకునే అనుమతి బ్రోచర్లలోకి ఎక్కింది. అమెరికా సైన్స్, ఇంజనీరింగ్ చదివినవాళ్లకి, ఓపీటీ అనే ఏడాది ఉద్యోగ అనుమతి మీద 2008లో 17 నెలలు పొడిగింపునిచ్చి, 2016లో దాన్ని 24 నెలలు చేసింది. బ్రిటన్ 2012లో చదువు తర్వాత ఉద్యోగం చేసుకునే వీసాని ఎత్తేసింది, 2021లో గ్రాడ్యుయేట్ రూట్ పేరుతో మళ్లీ తెచ్చింది. కుళాయి తిప్పినట్టే.

సంఖ్యలు పెరిగేసరికి విద్యార్థి మళ్లీ వలస లెక్కలోకి వచ్చాడు, 1921లో లాగే. 2024 జనవరిలో కెనడా స్టడీ పర్మిట్లకి పరిమితి పెట్టింది. అదే నెల నుంచి బ్రిటన్, పరిశోధన కోర్సులు, కొన్ని ప్రభుత్వ స్కాలర్‌షిప్‌లు తప్ప, కుటుంబాన్ని వెంట తెచ్చుకునే వీలు తీసేసింది. జూలైలో ఆస్ట్రేలియా విద్యార్థి వీసా రుసుమును 710 డాలర్ల నుంచి 1,600కి పెంచింది. యూనివర్సిటీలు బడ్జెట్ల గురించి, ప్రభుత్వాలు ఇళ్ల అద్దెల గురించి మాట్లాడాయి.

ఆస్ట్రేలియాయే అదే ఏడాది మార్చిలో ఇంకో పని చేసింది, దాని గురించి పెద్దగా చర్చ జరగలేదు. తాత్కాలికంగానే వస్తున్నానని నిరూపించుకోవాలన్న పాత నిబంధన తీసేసి, నిజంగా చదువుకోడానికే వస్తున్నావా అని మాత్రం అడగడం మొదలుపెట్టింది. తర్వాత ఉండిపోవాలన్న ఆలోచన ఉన్నంత మాత్రాన తప్పు కాదని ఒప్పుకుంది. అమెరికాలో మాత్రం 1952 నాటి వాక్యం అలాగే ఉంది. కౌంటర్ దగ్గర నిలబడ్డ విద్యార్థి దానికి సరిపడా జవాబు అద్దం ముందు ప్రాక్టీస్ చేసి వస్తాడు. ఆ జవాబు ఎలా తయారవుతుందో గాజు అవతలి అధికారికీ తెలుసు.