మందుల పేటెంట్లు: రువాండా నుంచి కోవిడ్ దాకా

2007 జూలైలో రువాండా ప్రపంచ వాణిజ్య సంస్థకు ఒక సంగతి తెలియజేసింది. ఎయిడ్స్‌కు కెనడా నుంచి జనరిక్ మందు, అంటే అదే మందును వేరే కంపెనీ చౌకగా తయారుచేసినది, తెప్పించుకుంటామని. అపోటెక్స్ కంపెనీ మాత్రల తొలి విడత కెనడా నుంచి బయల్దేరేసరికి 2008 సెప్టెంబర్ వచ్చింది. జబ్బుపడ్డ మనిషికి పద్నాలుగు నెలలంటే ఎంత కాలమో వేరే చెప్పాలా?

చిక్కు 1995లో అమల్లోకొచ్చిన ట్రిప్స్ (ప్రపంచ వాణిజ్య సంస్థ మేధోహక్కుల) ఒప్పందం దగ్గర మొదలైంది. అంతకుముందు మందుకు పేటెంట్ ఇవ్వాలా వద్దా అన్నది ఏ దేశానికి ఆ దేశం తేల్చుకునేది. 1970 చట్టం ప్రకారం భారత్‌లో మందు మీద కాదు, తయారీ పద్ధతి మీదే పేటెంట్ ఉండేది. జనరిక్ పరిశ్రమ ఎదిగింది ఆ నీడలోనే. ట్రిప్స్ 20 ఏళ్ల పేటెంట్‌ను సభ్యదేశాలన్నిటికీ నియమం చేసింది. పేటెంట్‌దారు ఒప్పుకోకపోయినా ప్రభుత్వం మరో కంపెనీకి కంపల్సరీ లైసెన్స్ ఇచ్చే వెసులుబాటూ ఉంచింది. అయితే అలా చేసిన మందు ప్రధానంగా స్వదేశంలోనే వాడాలి. మరి ఫ్యాక్టరీలే లేని దేశం గతేమిటి?

2001లో ఈ ప్రశ్నను తప్పించుకోవడం ఎవరివల్లా కాలేదు. ఏడాదికి 10,000 డాలర్లు దాటే ఎయిడ్స్ చికిత్సను 350 డాలర్లకే ఇస్తామని భారతీయ జనరిక్ కంపెనీ సిప్లా ముందుకొచ్చింది. దక్షిణాఫ్రికా మందుల చట్టంపై కేసు వేసిన 39 కంపెనీలు ఏప్రిల్‌లో వెనక్కి తగ్గాయి. నవంబర్‌లో ప్రపంచ వాణిజ్య సంస్థ సభ్యదేశాల దోహా ప్రకటన ప్రజారోగ్యానికి పెద్దపీట వేసింది. కంపల్సరీ లైసెన్స్‌తో చేసిన మందును ఫ్యాక్టరీలు లేని దేశాలకు ఎగుమతి చేసే దారి 2003లో తెరుచుకుంది. రువాండా నడిచింది ఆ దారినే. 2021లో కోవిడ్ టీకాల కోసం బొలీవియా కూడా అటే వెళ్లింది. కానీ ఆ టీకాల తయారీకి కెనడాలో లైసెన్సే దక్కలేదు.

పేటెంట్ లేకపోతే పరిశోధనకు పెట్టుబడి రాదన్న కంపెనీల వాదనను కొట్టిపారేయలేం. కానీ కోవిడ్ టీకాల్లో ప్రజాధనమూ భారీగా ఉంది. భారత్, దక్షిణాఫ్రికా 2020 అక్టోబర్‌లో ప్రపంచ వాణిజ్య సంస్థను మేధోహక్కుల మినహాయింపు అడిగితే, 2022 జూన్‌లో దక్కింది టీకాలకే పరిమితమైన చిన్న సడలింపు. చికిత్స మందులు, పరీక్షా కిట్లు అందులో లేవు.

పైగా, మాత్రను విశ్లేషించి మళ్లీ తయారుచేయొచ్చు గానీ శరీర కణాలకు జన్యు సూచనలు పంపే ఎంఆర్‌ఎన్‌ఏ టీకా అలా లొంగదు. తయారీ మెళకువలు తెలిసినవాళ్లు నేర్పాలి. మహమ్మారి కాలంలో తన కోవిడ్ పేటెంట్ల కోసం పట్టుబట్టనని, అలాంటి టీకా చేసిన అమెరికా కంపెనీ మోడెర్నా 2020లోనే ప్రకటించింది, మెళకువలు మాత్రం పంచలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తోడ్పాటుతో దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్‌లోని ఆఫ్రిజెన్ కంపెనీ శాస్త్రవేత్తలు, బహిరంగంగా దొరికిన జన్యుక్రమం ఆధారంగా మోడెర్నా టీకాను ప్రయోగశాలలో సొంతంగా తయారుచేసేసరికి 2022 వచ్చింది.