కథ జైల్లోకి వెళ్తే కేసు అయిపోయినట్టేనా? అపోహలు - వాస్తవాలు

మా కింది ఫ్లోర్‌లో హిందూపురం అమ్మాయి ఒకతి ఉంటుంది, ఐటీ ఉద్యోగం. మొన్న లిఫ్ట్‌లో కనిపించి, "అక్కా, సూట్స్ సీరియల్ చూడటం ఆపేశాను. మైక్ జైలుకెళ్లాక కోర్టు సీన్లే లేవు. లాయర్ల కథ అని మొదలుపెడితే ఖైదీల గొడవలు చూపిస్తున్నారు" అంది. అదే వారం మా ఆఫీసులో జూనియర్ కుర్రాడు సరిగ్గా దీనికి ఎదురు చెప్పాడు. "మేడమ్, అక్కడి నుంచే అసలు కథ." సూట్స్ ఒక్కటే కాదు, ఏ కోర్టు డ్రామా జైలు మలుపు తిరిగినా చూసేవాళ్లు ఇలాగే రెండుగా చీలిపోవడం నేను చాలాసార్లు చూశాను.

బెంగళూరులో పదిహేడేళ్లుగా క్రిమినల్ కేసులే చేస్తున్నాను. నా దగ్గరకొచ్చే వాళ్లలో సగం మంది తెలుగువాళ్లే. అనంతపురం, చిత్తూరు వైపు నుంచి పనికొచ్చినవాళ్లు, బాగేపల్లి, చింతామణి వైపు వాళ్లు. పరప్పన అగ్రహార జైలుకు ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. అందుకే ఈ అభిప్రాయాల మీద నాకు తెలిసింది రాయాలనిపించింది.

చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. సూట్స్ 2011 నుంచి 2019 వరకు తొమ్మిది సీజన్లు వచ్చిన అమెరికన్ సీరియల్. లా చదవకుండానే లాయరుగా చెలామణి అయిన మైక్ రాస్ ఐదో సీజన్ చివర్లో దొరికిపోతాడు. జ్యూరీ తీర్పు బయటికి రాకముందే ప్రాసిక్యూషన్‌తో ఒప్పందం చేసుకుని రెండేళ్ల శిక్షకు ఒప్పుకుంటాడు. ఆరో సీజన్ డాన్‌బరీ జైల్లో మొదలవుతుంది.

అపోహ: కథ జైలుకెళ్తే చట్టం పక్కకెళ్లినట్టే

మన జైళ్లలో ఉన్న ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు విచారణ ఖైదీలు. జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 లెక్క ప్రకారం దేశం మొత్తం మీద 5.73 లక్షల మంది ఖైదీలుంటే, వాళ్లలో 4.34 లక్షల మందికి ఇంకా తీర్పే రాలేదు. కేసు నడుస్తూ ఉంది, మనిషి లోపల ఉన్నాడు. "జైల్లో ఉన్నాడంటే ఏదో చేసే ఉంటాడు" అనేవాళ్లు ఈ లెక్కను ఒక్కసారి చూడాలి.

ఇక లాయరుకు సంబంధించినంత వరకు కేసు తయారయ్యేది చాలావరకు జైలు ములాఖత్ గదిలోనే, అంటే ఖైదీని కలిసి మాట్లాడే గదిలో. ఒక డ్రైవర్ సంగతి చెప్తాను. గోడౌన్‌లో సరుకు పోయింది, ఆ రాత్రి పదకొండు గంటలకు ఇతను అక్కడే ఉన్నాడని కేసు. రెండు ములాఖత్‌లలో అతను అడిగిందల్లా ఇంటద్దె ఎవరు కడుతున్నారు, అమ్మ బీపీ మాత్రలు వేసుకుంటోందా అనే. మూడోసారి వెళ్లినప్పుడు మాటల్లో, "ఆ రోజే మేడమ్, హోస్కోటె దగ్గర టైరు పంక్చరై రెండు గంటలు రోడ్డు మీదే పడున్నా" అన్నాడు. పంక్చర్ వేసినవాడికి డబ్బులు ఎలా ఇచ్చావని అడిగాను. "ఫోన్‌పే కొట్టా, నూట యాభై." నేను పెన్ను కింద పెట్టేశాను. ఆ నూట యాభై రూపాయల పేమెంటు పడిన టైము పది యాభై మూడు. తనకు తెలిసిన అంత ముఖ్యమైన విషయం అతనికి చిన్న చికాకుగా మాత్రమే గుర్తుంది. కోర్టు హాల్లో నిలబడి ఎంత వాదించినా ఆ ముక్క దొరికేది కాదు.

అందుకే జైలు ఎపిసోడ్లు చూసి "లా ఎక్కడుంది?" అని అడిగేవాళ్లతో నేను ఏకీభవించను. అయితే వాళ్ల అసంతృప్తిలో సగం న్యాయం ఉంది. రచయిత జైలును కొట్లాటలకే వాడుకుంటే కేసు నిజంగానే మాయమవుతుంది. సూట్స్‌లో గాలో అనే ఖైదీ మొదటి రాత్రి సెల్ మేట్‌లా నటించి మైక్‌ను బుట్టలో వేసుకునే సీను చూసి చాలామంది భయపడ్డారు. నాకు మాత్రం అసలు సెల్ మేట్ కెవిన్ మిల్లర్ కథే బలంగా అనిపించింది. అతని మామ మీద నడిచే కేసుకూ మైక్ విడుదలకూ ముడిపెట్టడంతో జైలు గోడ లోపల కూడా కేసు బతికే ఉంది.

అపోహ: లాయరు ఎప్పుడంటే అప్పుడు లోపలికెళ్లి మాట్లాడొచ్చు

సూట్స్‌లో మైక్ పనిచేసిన సీనియర్ లాయరు హార్వీ రాత్రిపూట జైల్లో అతన్ని కలవడం చూసి మీకు అది మామూలే అనిపించవచ్చు. సీరియల్లోనే అది ఒక ప్రాసిక్యూటర్ తన అవసరం కొద్దీ ఏర్పాటు చేసిన రహస్య సమావేశం.

మా దగ్గర టైములుంటాయి, రిజిస్టర్ ఉంటుంది, గుర్తింపు కార్డు చూపించాలి, ఫోన్ బయట వదిలేయాలి. వకాల్తా, అంటే లాయరును పెట్టుకుంటున్నట్టు రాసిచ్చే కాగితం, దాని మీద కక్షిదారు సంతకం పెట్టాక జైలు అధికారి ధ్రువీకరించి సీలు వేయాలి. ఆ సీలు పడని కాగితంతో కోర్టుకెళ్తే పని జరగదు. కానీ ఒక హక్కు మాత్రం చాలా పాతది, చాలా విలువైనది. విచారణ ఖైదీ తన లాయరుతో మూడో మనిషి లేకుండా మాట్లాడుకునే వీలు 1894 నాటి ప్రిజన్స్ యాక్టు 40వ సెక్షన్‌లోనే ఉంది. ఆ గదిలో చెప్పింది బయటపెట్టమని లాయరును ఎవరూ బలవంతం చేయలేరు. ఇళ్ల వాళ్లు భయపడి కక్షిదారుకు "లాయరుతో కూడా ఎక్కువ మాట్లాడకు" అని చెప్పి పంపిస్తుంటారు. దయచేసి అలా చెప్పకండి.

అపోహ: తప్పు చేయనివాడు తప్పు ఒప్పుకోడు

మైక్ ఒప్పందం మీద సంతకం పెట్టాక, జ్యూరీ నిర్దోషి అనే తేల్చిందని తెలుస్తుంది. చాలామందికి ఒళ్లు మండింది అక్కడే. "కాసేపు ఆగి ఉంటే సరిపోయేది కదా" అని.

మైక్ నిజంగా తప్పు చేసినవాడే. పైగా తన కోసం మిగతావాళ్లు మునిగిపోకూడదని ఒప్పుకున్నాడు. మా దగ్గర నేను చూసే బాధ వేరు. మన దేశంలో ప్లీ బార్గెయినింగ్, అంటే నేరం ఒప్పుకుని తక్కువ శిక్షకు ఒప్పందం చేసుకోవడం, 2006 జులై నుంచి అమల్లో ఉంది. ఏడేళ్లకు మించి శిక్ష పడే నేరాలకు వర్తించదు. స్త్రీల మీద, పిల్లల మీద జరిగిన నేరాలకూ వర్తించదు. మామూలుగా ఎవరూ దాని జోలికి పోరు. కానీ చిన్న కేసుల్లో ఇంకొకటి జరుగుతుంది. బెయిల్‌కు పూచీ ఉండే జామీనుదారు దొరకడు. నెలలు గడుస్తాయి. విచారణలో లోపల గడిపిన రోజుల్ని శిక్షలోంచి తీసేస్తారు. అప్పుడు ఆ మనిషి లెక్క వేసుకుంటాడు: ఒప్పుకుంటే ఈ వారమే ఇంటికి, పోరాడితే ఇంకో ఏడాది. "ఒప్పేసుకుంటా మేడమ్, పిల్లల స్కూలు తెరుస్తారు" అని నా ముందు కూర్చుని అడిగినవాళ్లున్నారు. ఆ మచ్చ తర్వాత ఉద్యోగానికి, పాస్‌పోర్టుకు అడ్డం పడుతుందని చెప్తాను. విన్నవాళ్లూ ఉన్నారు, విననివాళ్లూ ఉన్నారు. విననివాళ్లను నేను తప్పుపట్టలేను.

అపోహ: జైల్లో పగలు ఒక రోజు, రాత్రి ఒక రోజుగా లెక్క

ఇది మన ఊళ్లలో ఎంత గట్టిగా నాటుకుపోయిందంటే, యావజ్జీవం పడినవాళ్ల ఇంట్లోవాళ్లే నన్ను "అయితే పద్నాలుగేళ్లలో సగం, ఏడేళ్లకు వస్తాడుగా?" అని అడుగుతారు. అది నిజం కాదు. జైల్లో కూడా రోజంటే 24 గంటలే. యావజ్జీవమంటే 14 ఏళ్లు అన్నదీ నిజం కాదు. యావజ్జీవమంటే బతికినంత కాలం అని సుప్రీంకోర్టు గోపాల్ వినాయక్ గాడ్సే కేసులో 1961లోనే తేల్చింది. మరణశిక్ష పడే అవకాశం ఉన్న నేరంలో యావజ్జీవం పడితే, ప్రభుత్వం శిక్ష తగ్గించాలనుకున్నా కనీసం 14 ఏళ్లు లోపల ఉండాలన్నదే చట్టం. ఆ 14 అక్కడిది. వదిలే తేదీ కాదది.

జైలు బట్టల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. అరెస్టు కాగానే చారల బట్టలు తొడిగినట్టు చూపిస్తారు. విచారణ ఖైదీ తన సొంత బట్టలే వేసుకుంటాడు.

అపోహ: జైల్లో టెన్షన్ అంటే కొట్లాటే

రచయితలెవరైనా ఇది చదువుతుంటే వాళ్లకోసం. జైలు కథలో నాకు తెలిసిన అసలు టెన్షన్ క్యాలెండర్లో ఉంటుంది. అరెస్టయిన మనిషి రిమాండ్‌లో ఉండగా 60 రోజుల్లో పోలీసులు చార్జిషీటు వేయాలి. పదేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరమైతే 90 రోజులు. ఆ గడువు దాటితే బెయిల్ అడగడం హక్కు, దయ కాదు. రిమాండ్ చేసిన రోజు కూడా లెక్కలోకి వస్తుందని 2023లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. గడువు ముగిశాక మనం పిటిషన్ వేసేలోపే చార్జిషీటు పడితే మాత్రం ఆ హక్కు చేజారినట్టే. మా గుమాస్తా గోడమీది తెలుగు క్యాలెండర్లో ఒక్కో కేసు గడువు తేదీకి ఒక్కో రంగుతో సున్నా చుడతాడు. అరవయ్యో రోజు రాత్రి మా ఆఫీసులో ఎవరికీ నిద్ర ఉండదు. మర్నాడు ఉదయం ఫైలింగ్ కౌంటర్ తెరవకముందే గుమాస్తా అక్కడుంటాడు. అవతలివైపు నుంచి చార్జిషీటు కట్ట మోసుకుంటూ కానిస్టేబుల్ వస్తున్నాడా అని చూస్తుంటాడు. ఇంతకు మించిన ఉత్కంఠ ఏ స్క్రిప్టులో ఉంది?

ఇలాంటిదే ఇంకో లెక్క. ఇంతకుముందు ఏ నేరంలోనూ శిక్ష పడనివాడు, తన మీదున్న నేరానికి పడగలిగే గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం విచారణ ఖైదీగానే గడిపేస్తే అతన్ని బాండు మీద వదలాలని కొత్త చట్టం, భారతీయ నాగరిక సురక్షా సంహిత, 479వ సెక్షన్‌లో చెప్తోంది. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు, ఒకటికి మించి కేసులున్నవాళ్లకు ఇది వర్తించదు. మిగతావాళ్ల విషయంలో కోర్టుకు రాయాల్సిన బాధ్యత జైలు సూపరింటెండెంట్‌దే. చట్టం రాకముందు కేసులకూ ఇది వర్తిస్తుందని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. మీవాళ్లెవరైనా లోపలుంటే ఈ లెక్క ఇవాళే వేసి చూడండి.

అపోహ: శిక్ష పడ్డాక లాయరుకు పనేముంది?

బెంగళూరులో ఉన్నవాళ్లకు 2014 సెప్టెంబరు 27 గుర్తుండే ఉంటుంది. జయలలిత కేసు తీర్పు చెప్పిన ప్రత్యేక కోర్టు కూర్చున్నదే పరప్పన అగ్రహారలో. అక్కడి నుంచే ఆమెను జైలుకు తీసుకెళ్లారు. హైకోర్టు బెయిల్ ఇవ్వలేదు. అక్టోబరు 17న సుప్రీంకోర్టు శిక్షను నిలిపివేసి బెయిల్ ఇచ్చింది. 2015 మేలో హైకోర్టు నిర్దోషి అంది. 2017 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసే నాటికి ఆమె లేరు. కేసులో మిగతావాళ్లు మళ్లీ అదే జైలుకు వచ్చారు. జైలు తలుపు పడ్డాక కేసు ఎన్ని మలుపులు తిరిగిందో చూడండి.

ఆమెకు పెద్ద పెద్ద లాయర్లున్నారు, మామూలు మనిషి గతేమిటని మీరు అడగొచ్చు. లాయరు లేకపోయినా జైలు నుంచే అప్పీలు పంపే వీలు చట్టంలో ఉంది. కాగితం జైలు అధికారికి ఇస్తే చాలు, కోర్టుకు చేర్చడం ఆయన పని. అంతెందుకు, ఖైదీల హక్కుల మీద మనం ఇవాళ్టికీ చెప్పుకునే సునీల్ బాత్రా తీర్పుల్లో రెండోది, తిహార్‌లో తోటి ఖైదీని వార్డరు చిత్రహింస పెట్టాడని ఒక ఖైదీ సుప్రీంకోర్టు జడ్జికి రాసిన ఉత్తరంతో మొదలైంది. ఆ ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకున్నారు. జైలు మాన్యువళ్లలో కులాన్ని బట్టి వంట ఒకరికి, ఊడ్చే పని ఒకరికి పంచే నిబంధనల్ని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇలాంటివి సీరియల్ తీస్తే నేను పని మానుకుని చూస్తాను.

అపోహ: బెయిల్ వచ్చిందంటే సాయంత్రానికి ఇంటికి వచ్చేస్తాడు

తెర మీద జడ్జి సుత్తి కొడతాడు, తర్వాతి సీన్లో గేటు తెరుచుకుంటుంది. మధ్యలో ఉన్న నరకం ఎవరూ చూపించరు.

పంక్చర్ డ్రైవర్‌కు మూడు వారాల్లోనే బెయిల్ వచ్చింది. షరతు: ఇద్దరు స్థానిక జామీనుదారులు. అతనిది కదిరి వైపు పల్లె. అక్కడ నాన్న పేరు మీద రెండెకరాలుంది. ఇక్కడ ఆఫీసులో ఆ పాస్‌పుస్తకం చూసి, బయటి రాష్ట్రం ఆస్తి కుదరదన్నారు. బెంగళూరులో అతనికి తెలిసినవాళ్లంతా అద్దె ఇళ్లలో ఉండేవాళ్లే. ఎవరి దగ్గరుంది పహణీ, అంటే ఇక్కడి భూమి రికార్డు?

1978లో మోతీరాం అనే మేస్త్రీకి మధ్యప్రదేశ్‌లో ఇదే జరిగింది. పదివేల జామీను అడిగారు. సోదరుడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని ఒప్పుకోలేదు. సుప్రీంకోర్టు దాన్ని తప్పుపట్టి, వెయ్యి రూపాయల సొంత పూచీకత్తు మీద వదలమంది. దూరాన ఎక్కడో అరెస్టయిన తెలుగువాడో, తమిళుడో, కన్నడిగుడో అక్కడి జామీనుదారుణ్ణి ఎక్కడి నుంచి తెస్తాడని ఆ తీర్పు అడిగింది. ఆ పేజీ జిరాక్సు నా బ్యాగులో ఎప్పుడూ ఉంటుంది. బెయిల్ వచ్చి నెలైనా జామీను ఇవ్వలేకపోతే కోర్టు తనంతట తనే షరతులు సడలించడం గురించి ఆలోచించవచ్చని 2023 జనవరిలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలిచ్చింది. ఏడు రోజుల్లో మనిషి విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తెలపాలి. అక్కడ సాయం ఉచితం. అడగడానికి మొహమాటపడకండి.

మేం షరతు మార్చమని పిటిషన్ వేశాం. ఒక్క జామీనుదారు చాలన్నారు. చివరికి బాగేపల్లి నుంచి అతని మేనమామ ప్లాస్టిక్ కవరులో పహణీ పెట్టుకుని పొద్దున్నే మొదటి బస్సుకు వచ్చాడు. సంతకాలు, వెరిఫికేషన్, ఆర్డరు జైలుకు చేరడం. అంతా అయ్యేసరికి బెయిల్ వచ్చి పందొమ్మిది రోజులు. ఖైదీలను సెల్‌లలో పెట్టి తాళం వేసే లాకప్ వేళ దాటితే మళ్లీ మర్నాటికే అని గేటు దగ్గర నిలబడ్డాం. వాళ్లమ్మ చేతిలో ఉతికిన చొక్కా ఒకటి ఉంది.

ఏడు కావస్తుండగా అతను వచ్చాడు. అమ్మను పట్టుకుని కాసేపు ఏడ్చి, నా వైపు తిరిగి, "మేడమ్, నా బండి ఎక్కడుంది?" అన్నాడు. స్టేషన్ ఆవరణలో ఉంది, దాన్ని విడిపించడానికి ఇంకో పిటిషన్ వేయాలని చెప్పాను. "రేపు వేద్దామా?" అన్నాడు.