బ్యాటరీ లోపలి అలుకు

"కొత్త ఫోన్ కొంటే మొదటిసారి ఎనిమిది గంటలు ఛార్జింగ్ పెట్టాలట, నిజమేనా?" అని ఒక పాఠకురాలు అడిగారు. అది నికెల్ బ్యాటరీల నాటి మాటండీ. పూర్తిగా దించి, పూర్తిగా ఎక్కించమనే సలహా కూడా అప్పటిదే. ఇప్పటి ఫోన్లలో ఉండే లిథియం అయాన్ బ్యాటరీని 1991లో సోనీ బజారులోకి తెచ్చింది. కాలం మారినా ఆచారం మిగిలింది, షాపువాళ్లు ఇంకా చెబుతూనే ఉన్నారు.

అసలు కథంతా బ్యాటరీ నెగటివ్ వైపు ఉండే గ్రాఫైట్ (పొరలు పొరలుగా ఉండే కార్బన్) దగ్గర ఉంది. ఛార్జింగ్‌లో లిథియం అయాన్లు (విద్యుదావేశమున్న లిథియం కణాలు) వచ్చి గ్రాఫైట్ పొరల మధ్య దూరతాయి. అక్కడి విద్యుత్ పొటెన్షియల్‌కు ఎలక్ట్రొలైట్, అంటే అయాన్లు ఈదే ద్రవం, తట్టుకోలేక విరిగిపోతుంది. ఆ ముక్కలూ కొంత లిథియమూ కలిసి నానోమీటర్ల మందాన పూత కడతాయి. దాని పేరు ఎస్ఈఐ (సాలిడ్ ఎలక్ట్రొలైట్ ఇంటర్‌ఫేజ్). అయాన్లను పోనిస్తుంది, ఎలక్ట్రాన్లను ఆపుతుంది. ఇది లేకపోతే ఎలక్ట్రొలైట్ విరుగుతూనే పోతుంది, బ్యాటరీ నాలుగు రోజులు కూడా ఆగదు.

మట్టి నేలకు అలుకు లాంటిదన్నమాట. నేల బీటలిస్తే మళ్లీ అలకాలి కదా! లిథియం నిండితే గ్రాఫైట్ సుమారు 10 శాతం ఉబ్బుతుంది, ఖాళీ అయితే తగ్గుతుంది. పూత పగులుతుంది, పగులులో మళ్లీ అలుకు పడుతుంది. చిక్కేమిటంటే, బయటినుంచి పేడ తెచ్చే దారి లేదు, డబ్బాకి సీలు వేశారు. అలకడానికి ఖర్చయ్యేది మనకు కరెంటు మోసే లిథియమే. పగుళ్లు లేకున్నా అలుకు మెల్లగా మందమవుతూనే ఉంటుంది, వేడిలో మరీ త్వరగా. మందమైనకొద్దీ లోపలి నిరోధం పెరుగుతుంది. పాత ఫోన్ 20 శాతం చూపిస్తూనే ఠక్కున ఆగిపోవడానికి ఇదొక కారణం.

కాబట్టి సున్నా నుంచి వందకి లాగడం కన్నా కొంచెం కొంచెంగా ఎక్కించుకోవడం మేలు, ఉబ్బు తక్కువ. రాత్రంతా ప్లగ్గులో ఉంటే ఓవర్‌ఛార్జ్ అవుతుందన్న టెన్షన్ అక్కర్లేదు, లోపలి సర్క్యూట్ ఆపేస్తుంది. కాకపోతే మామూలు బ్యాటరీ సెల్ దాదాపు 4.2 వోల్టుల దగ్గర గంటల తరబడి నిలుస్తుంది. అంత వోల్టేజీలో పాజిటివ్ వైపు కూడా ఎలక్ట్రొలైట్ పాడవుతుంది. ఇప్పటి ఫోన్లలో 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ అందుకే. నన్నడిగితే శాతాల లెక్క కన్నా వేడి పెద్ద శత్రువు. మే నెల ఎండలో బైక్ హ్యాండిల్‌కి తగిలించి, మ్యాప్ నడుస్తుండగా పవర్ బ్యాంక్ పెడితే, ఎంత జాగ్రత్తగా శాతాలు లెక్కపెట్టీ లాభం లేదు. చలి ఇంకో రకం: సున్నా డిగ్రీల దగ్గర వేగంగా ఛార్జ్ చేస్తే అయాన్లు లోపలికి దూరలేక పైనే లోహంగా పేరుకుంటాయి. మనవైపు లంబసింగిలో తప్ప ఆ బాధ లేదు.

వాడని ల్యాప్‌టాప్‌ని సగం ఛార్జ్‌తో చల్లని చోట దాచండి. ఖాళీగా నెలల తరబడి పడేస్తే సెల్ వోల్టేజీ మరీ పడిపోయి నెగటివ్ వైపు రాగి రేకు కరగడం మొదలవుతుంది. తర్వాత ఛార్జ్ చేస్తే ఆ రాగి మళ్లీ లోహమై లోపల షార్ట్ చేయవచ్చు.